చదవకుండా పెట్టిన సంతకం

మా మనవరాలు చరిత్రలో ఎమ్మే చదివే రోజుల్లో ఒకసారి సెలవులకు వచ్చి, కాలేజీలో ఇచ్చిన కాగితాలు ముందరేసుకుని వసారాలో కూర్చుంది. నేను పక్కన విత్తనానికి వేరుశనక్కాయలు ఒలుస్తున్నాను. ఏం చదువుతున్నావని అడిగాను. పదిహేడో శతాబ్దంలో ఒక వర్తకుల ఓడ మీద నడిసముద్రంలో దొంగలు పడి దోచుకున్నారట. ఆ ఓడలో పనిచేసిన ఒక కళాసీ తర్వాత కోర్టులో చెప్పిన సాక్ష్యం అది. ఓడ నాయకుడు ఎదురు తిరగకుండానే జెండా దించేశాడని, దొంగలతో ముందే మాట్లాడుకున్నాడని ఆ కళాసీ చెప్పినట్టు రాసి ఉంది. కింద అతని సంతకం లేదు. చదువు రానివాడు కాబట్టి కొక్కెం లాంటి గీత ఒకటి గీశాడు.

"వానికి చదివి వినిపించినారా?" అని అడిగాను.

"వినిపించినట్టే రాసుండాది అవ్వా."

"రాసేదానికేముండాది. నిజంగా వినిపించినారా అని అడుగుతాండా."

పిల్ల కాగితం దించి నా మొహం చూసింది. "మూడొందల యాభై ఏండ్ల కిందటి మాటవ్వా. నాకెట్ల తెలుస్తుంది?"

"ఆ ఓడ నాయకుణ్ణి ఏం చేసినారు?"

"ఈ కాగితాల్లో లేదు. ఉరి తీసుంటారేమో."

ఆ పూట ఇంక కాయలు ఒలవలేకపోయాను. ఏమైందవ్వా అని అది పట్టుబట్టి అడిగితే ఈ సంగతంతా చెప్పాను. విని, నోటితో చెప్పింది నోటితోనే పోతుంది, రాసిపెట్టు అంది. నేను చదివింది మూడో తరగతి వరకే. పాత క్యాలెండర్ల వెనక వైపు ఖాళీగానే ఉంటుంది కదా, వాటి మీద రాశాను. అక్షరాలు తప్పిన చోట పిల్ల దిద్దింది. మాటలు మాత్రం మార్చనివ్వలేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో జరిగింది ఇది. మాది ముదిగుబ్బ నుంచి లోపలికి పోవాల్సిన పల్లె. వరుసగా ఏళ్ళు ఎండిపోయి, ఆ ఏడు మాత్రం వాన సమయానికి పడింది. వేరుశనగ చెట్టు పీకితే చేతికి బరువు తెలిసేటట్టు కాయ పట్టింది. మా ఆయన అప్పటికే పోయారు. ఒక్కతే కూతురు, దాన్ని సోమందేపల్లెలో ఇచ్చాం. సేద్యం నేనే చూసుకునేదాన్ని. ఊళ్ళో నన్ను పిసినారి అంటారు. అననీ. తాడు ముక్క పారేయకుండా దాచుకోబట్టే ఎండిన ఏళ్ళలో కూడా మా పొయ్యి మండింది.

ఇంట్లో నాతోపాటు మా మరిది కుటుంబం ఉండేది. నేను కాపురానికి వచ్చేటప్పటికి మరిదికి నాలుగేళ్ళు. అత్త మంచం పట్టి ఉండేది. వాడికి నీళ్ళు పోసింది నేను, అన్నం పెట్టింది నేను, పలక కొనిచ్చి బడికి తోలింది నేను. పదో తరగతి వరకు చదివాడు. మా ఇంట్లో అంత చదివినవాడు వాడొక్కడే. పట్టాదారు పుస్తకం అయినా, రేషన్ కార్డు అయినా, పంట రుణం అయినా కాగితం పనులన్నీ వాడే చూసేవాడు. వాడు రాస్తాడు, చూపించిన చోట నేను సంతకం పెడతాను. ఎప్పుడూ ఇదేమిటని అడిగింది లేదు. మా ఇళ్ళలో ఆడవాళ్ళు అడగరు. సాకిన పిల్లవాడు రాసినదాన్ని తిరిగి చదివితే వాణ్ణి అనుమానించినట్టే అనుకుంటాం.

కదిరి వ్యాపారి ఒకాయన ఆ ఏడు మా ఊరి కాయంతా కొన్నాడు. లారీ తోలుకొచ్చినవాడు మా పక్క ఊరి సాయిబుల అబ్బాయి, ముప్పై ఏళ్ళు ఉంటాయి. లారీ వాడిది కాదు, వ్యాపారిది. మా ఆయనకు ప్రాణం మీదికి వచ్చినప్పుడు బస్సు దొరక్కపోతే, సరుకు దించేసి తన బండిలో అనంతపురం ఆసుపత్రికి చేర్చింది ఈ అబ్బాయే.

మా వైపు కాయ లోడు పోతే, కాయ తాలూకు మనుషులు కాటా దాకా వెంట పోవాలి. తూకం మన కళ్ళ ముందర జరగాలి. ఊరందరి తరఫున ఈసారి నేనూ మా మరిదీ పోయాం. క్లీనర్ రాలేదు కాబట్టి మరిది ముందర కూర్చున్నాడు. నేను మూటల మీద, తాడు పట్టుకుని కూర్చున్నాను. బస్సు చార్జీ మిగులుతుంది, మూటలూ నా కంటి కింద ఉంటాయి.

డ్రైవరు కింద నుంచి నవ్వాడు. "పెద్దమ్మా, పైన కూర్చుంటే నిన్ను గూడా కాటా వేస్తారు."

"వేయనీప్పా. నా బరువుకు ధర పలకదులే."

అప్పుడే పొద్దు పొడిచింది. మట్టిదారి తారురోడ్డులో కలిసే ముందు రెండు గుట్టల నడుమ చిన్న కనుమ ఉంది. అక్కడ బండి మెల్లగా ఎక్కాలి. ఎక్కుతుంటే దారికి అడ్డంగా రాళ్ళు, వాటి మీద తుమ్మకంప కనిపించాయి. డ్రైవరు బ్రేకు వేశాడు. గుట్టల వెనక నుంచి ఆరుగురు వచ్చారు. మొహాలకు తువ్వాళ్ళు కట్టుకున్నారు.

నేను పైన ఉన్నాను కాబట్టి అంతా నా కళ్ళ కిందే జరిగింది. తలుపు తీసి డ్రైవర్ని కిందికి లాగారు. వాడు దిగేలోపలే తాళంచెవి పీకి గుప్పిట్లో పెట్టుకున్నాడు.

"తాళం ఇయ్యిరా."

"ముందు పెద్దమ్మను దిగనీయండప్పా. పెద్ద మనిషి."

నన్ను దిగమన్నారు. తాడు పట్టుకుని, మోకాళ్ళు గీసుకుంటూ దిగాను. దిగాక మళ్ళీ అడిగారు. వాడు ఇవ్వలేదు.

"బండి నాది గాదన్నా. కాయ నాది గాదు. రేపు వాళ్ళకేం జెప్పల్ల నేను?"

ఇద్దరు వాడి చేతిని బండి బంపరు మీద ఆనించి పట్టుకున్నారు. మూడోవాడు ఇనుపరాడ్డుతో మణికట్టు మీద కొట్టాడు. ఒక దెబ్బకు గుప్పిలి విడలేదు. రెండో దెబ్బకు వాడు గట్టిగా అరిచాడు గానీ వేళ్ళు విప్పలేదు. మూడో దెబ్బకు వేళ్ళు వాటంతట అవే విడిపోయాయి. వాళ్ళు తాళంచెవి తీసుకుని, రాళ్ళు పక్కకు తోసి, బండి ఎక్కి వెళ్ళిపోయారు. మా మరిది అవతలి వైపు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. వాణ్ణి ఎవరూ ముట్టుకోలేదు. దేవుడు చల్లగా చూశాడని అనుకున్నాను.

నా చీర కొంగు చించి ఆ అబ్బాయి చేతికి కట్టాను. కొత్త చీర. చించినందుకు అప్పుడూ ఇప్పుడూ బాధ లేదు. తారురోడ్డు దాకా నడిచి, అటు పోయే జీపులో వాణ్ణి ఆసుపత్రికి ఎక్కించి, మేమిద్దరం స్టేషన్‌కు పోయాం.

ఫిర్యాదు రాసిమ్మన్నారు. స్టేషన్ బయట రేకుల కింద అర్జీలు రాసే మనిషి కూర్చుని ఉన్నాడు. మరిది ఆయన వైపు చూస్తే నేనే ఆపాను. "పదో తరగతి చదివినోడివి నువ్వుండంగ ఇంగొకనికి దుడ్లెందుకు ఇయ్యల్ల?" అన్నాను. వాడు ఒక్క క్షణం ఆగి, సరే వదినా అని బెంచీ మీద కూర్చుని కాగితం తీశాడు. నేను పక్కన నిలబడి ఒక్కొక్కటే చెప్పాను. రాళ్ళు, కంప, ఆరుగురు మనుషులు, గుప్పిట్లో తాళంచెవి, మూడు దెబ్బలు. వాడు తల వంచుకుని రాశాడు. ఎక్కడా ఆగి నన్ను మళ్ళీ అడగలేదు.

"అంతా రాసినావా?"

"నువ్వు చెప్పిందంతా రాసినా వదినా."

కాగితం నా చేతికి ఇచ్చాడు. నెమ్మదిగా కూడబలుక్కుంటే చదవగలను. కానీ కానిస్టేబుల్ ఎదురుగా నిలబడి ఉన్నాడు, ఇంకో నలుగురు చూస్తున్నారు. వాళ్ళందరి ముందర వేలు పెట్టి చదివితే నా మరిది మీద నాకే నమ్మకం లేనట్టు ఉంటుంది. వాడు వేలు చూపించిన చోట ఇంటిపేరుతో సహా పూర్తిగా సంతకం పెట్టాను. "పర్వాలేదే, పెద్దామెకు సంతకం వచ్చు," అన్నాడు కానిస్టేబుల్. గర్వపడ్డాను. ఆ గర్వం ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

మూడో రోజు ఆ అబ్బాయిని ఆసుపత్రి నుంచే పట్టుకుపోయారని తెలిసింది. మరిదిని అడిగాను.

"విచారణకు వదినా. డ్రైవరు గదా, అడుగుతారు. రెండ్రోజుల్లో వదిలేస్తారు."

లారీ ఖాళీగా ఎక్కడో కర్ణాటక సరిహద్దులో దొరికింది. కాయ దొరకలేదు. ఊళ్ళో అందరూ కాయ గురించే మాట్లాడారు. నేనూ అంతే.

పది రోజులు పోయాక ఒక మధ్యాహ్నం ఆ అబ్బాయి భార్య మా ఇంటికి వచ్చింది. గడప బయటే నిలబడింది.

"పెద్దమ్మా, నువ్వు రాసిచ్చిన కాగితం మీదనే మా ఇంటాయన్ని లోపలేసినారంట. నిజమేనా?"

"నా కాగితం వల్ల గాదు. నా కాగితం ఉండబట్టే బయటికొస్తాడు, చూస్తాండు."

"అందులో ఏం రాసినావో నాకొక్కసారి చెప్పు."

"జరిగింది రాసినా. ఒక్క అక్షరం అబద్ధం లేదు."

"తాళం గురించి గూడా?"

"తాళం గురించి గూడా. దాని కింద నా సంతకం ఉండాది. మాట మార్చే దాన్ని గాదు నేను. ఊరికే ఏడ్చొద్దు, ఇంటికి పో."

ఆమె నన్ను చూసిన చూపు నాకు అర్థం కాలేదు. "సరే పెద్దమ్మా. పైనుండేవాడు చూస్తాండాడు," అంది. నా మేలు కోరి అంటోంది అనుకున్నాను. ఇంట్లో మిగిలిన కాయలు చాటలో పోసి తెచ్చి ఇస్తే, చెయ్యి చాపకుండా వెళ్ళిపోయింది. ఈ కష్టంలో కూడా పొగరు తగ్గలేదే అని మరిది పెళ్ళాంతో అన్నాను. అది పొయ్యి వైపు తిరిగి కట్టెలు ఎగదోసింది.

మూడు నెలలు ఆ అబ్బాయి జైల్లో ఉన్నాడు. బెయిలు వచ్చాక ఇంటికి చేరాడని విన్నాను. చూసి వస్తానంటే మరిది వద్దన్నాడు. సాక్షి పోయి ముద్దాయిని కలిస్తే కేసు చెడిపోతుందన్నాడు. చట్టం వాడికి తెలుసు అనుకున్నాను. పోలేదు.

ఏడాదిన్నరకు కోర్టు నుంచి సమన్లు వచ్చాయి. మరిదీ నేనూ కలిసే పోయాం. బస్సు దిగాక నాకు కాఫీ ఇప్పించాడు. బయట కాఫీ తాగే అలవాటు నాకు లేదని వాడికి తెలుసు.

"వదినా, ఆడ ఎక్కువ మాట్లాడొద్దు. కాగితంలో ఉండేది నిజమేనా అంటారు. నిజమే అను. చాలు."

"నిజమే గదా. ఎందుకు అనను?"

వాడు కాఫీ గ్లాసు వైపే చూస్తూ ఉన్నాడు.

బంట్రోతు నా పేరు మూడుసార్లు పిలిచాడు. బోనెక్కాను. దేవుని ఎదుట నిజమే చెప్తానని అనిపించారు. ఆ అబ్బాయి అవతల నిలబడి ఉన్నాడు, కుడి మణికట్టు పక్కకు వంగిపోయి ఉంది. సర్కారు వకీలు ఆ రోజు ఏం జరిగిందని అడిగితే స్టేషన్‌లో చెప్పినట్టే చెప్పాను. గుప్పిలి దగ్గరకు వచ్చేసరికి ఆయన ఆపి, ఫైల్లో చూసుకున్నాడు.

"ముద్దాయి తాళంచెవి తన చేత్తో వాళ్ళకు ఇచ్చినాడు కదా?"

"ఇయ్యలేదు. చెయ్యి ఇరగ్గొట్టి తీసుకొన్నారు."

ఆయన ఒక కాగితం నాకు చూపించాడు. "ఈ సంతకం మీదేనా?"

"నాదే."

ఆయన గట్టిగా చదివాడు. డ్రైవరు దారిలో ఏ అడ్డమూ లేకుండానే బండి ఆపాడని, దిగి దొంగలతో నవ్వుతూ మాట్లాడాడని, తాళంచెవి తన చేత్తో అందించాడని, తర్వాత అనుమానం రాకూడదని తానే చెయ్యి రాయికి కొట్టుకున్నాడని. ముందు వేరే ఎవరిదో చదువుతున్నాడనుకున్నాను. చివర్లో మా ఆయన పేరు, మా ఊరి పేరు, నా పేరు వినిపించాయి.

బెంచీ మీద ఉన్న మరిది వైపు చూశాను. తల వంచి కాలివేళ్ళు చూసుకుంటున్నాడు. చిన్నప్పుడు తప్పు చేసి దొరికితే ఇలాగే చూసుకునేవాడు. అప్పుడు అర్థమైంది. వాడి పెళ్ళాం పొయ్యి వైపు ఎందుకు తిరిగిందో కూడా అర్థమైంది.

జడ్జిగారు అడిగారు. "కాగితంలో ఒకటి, నోటితో ఒకటి చెప్తున్నావు. అబద్ధం చెప్తే శిక్ష పడుతుందని తెలుసా?"

"తెలుసు సామీ."

"మరి సంతకం ఎందుకు పెట్టినావు?"

"చదవలేదు సామీ."

"చదువు రాదా?"

"వస్తుంది. చదవలేదు."

"రాసింది ఎవరు?"

ఇంటి పరువు అనే మాట నా నాలుక మీద కూర్చుంది. పేరు చెప్తే వాడు జైలుకు పోవచ్చు. చెప్పకపోతే నా మాటను ఎవరూ నమ్మరు, ఆ వంగిన చెయ్యివాడు మళ్ళీ లోపలికి పోతాడు. జడ్జిగారు రెండోసారి అడిగారు.

"మా మరిది సామీ. ఆ బెంచీ మీద కూర్చున్నాడు. నేను సాకిన పిల్లోడు."

సర్కారు వకీలు లేచి, సాక్షి అడ్డం తిరిగిందని రాసుకోమన్నాడు. నన్నే. ఆ కేసులో మొదటి నుంచి ఒకటే మాట చెప్పినదాన్ని నేను. రికార్డులో మాత్రం అడ్డం తిరిగిన సాక్షిని.

అన్నీ అయ్యాక టైపు చేసిన కాగితం ముందర పెట్టి, ఇక్కడ సంతకం చెయ్యమన్నాడు గుమాస్తా. భోజనాల వేళ అయింది. వకీళ్ళు ఫైళ్ళు సర్దుకుంటున్నారు.

"చదవల్ల," అన్నాను.

"చదివి వినిపించినాం గదమ్మా."

"నాకు వినపళ్ళేదు."

ఎవరో నవ్వారు. జడ్జిగారు చదవనీయమని చెయ్యి ఊపారు. అక్షరాల కింద వేలు పెట్టి, ఒక్కొక్క మాటే కూడబలుక్కుంటూ, పేజీన్నర చదివాను. గది మొత్తం నా కోసం ఆగింది. ఒక చోట రెండు దెబ్బలని ఉంది. మూడు అన్నాను. దిద్దారు. మిగతాదంతా చదివి అప్పుడు సంతకం పెట్టాను.

బయట గేటు దగ్గర మరిది నన్ను ఆపాడు.

"వదినా, ఆ గుంపులో మా బామ్మర్ది ఉన్నాడు. తువ్వాలు కట్టుకొన్నా నడక చూసి గుర్తుపట్టినా. వాడూ నన్ను చూసినాడు. పోలీసోళ్ళకు ఎవురో ఒకరు కావల్ల గదా."

"ఎవురో ఒకరంటే వాడా? మీ అన్నను ఆసుపత్రికి మోసినోడు."

"వాని తరఫున అడిగేటోళ్ళు ఎవురుండారు?"

"నా సంతకమే కావల్సొచ్చిందా నీకు? నువ్వే పెట్టుకోకపోయినావా?"

"నీ మాటంటే ఊళ్ళో అందరూ నమ్ముతారు వదినా."

"నేను చదివుంటే?"

వాడు మెల్లగా అన్నాడు, "నేను రాసింది నువ్వెప్పుడు చదివినావు?"

చెంప మీద కొడదామని చెయ్యి లేచింది, కొట్టలేదు. అంత పెద్ద మనిషిని నడిరోడ్డు మీద కొట్టి ఏం లాభం. వేరే బస్సెక్కి ఇంటికి వచ్చి, నా గిన్నెలు నేను తీసుకుని పశువుల కొట్టంలో పొయ్యి వేసుకున్నాను. బామ్మర్ది పేరు స్టేషన్‌కు పోయి చెప్పాను. విన్నారు, రాసుకోలేదు. బామ్మర్ది వాళ్ళకు రాజకీయాల్లో మనుషులున్నారు. మరిది మీద కూడా ఏ కేసూ నడవలేదు. ఇప్పటికీ గోడ అవతలే ఉంటాడు. పండగలకు వాడి పెళ్ళాం ఏదైనా వండి పంపిస్తే తిప్పి పంపుతాను.

కొన్ని నెలలకు తీర్పు వచ్చింది. ఆ అబ్బాయిని వదిలేశారు. ఎవరూ పిలవకపోయినా నేను పోయాను. మెట్లు దిగుతుంటే ఎదురుపోయి నిలబడ్డాను.

"ఏమప్పా," అన్నాను.

"లోపలున్నన్నాళ్ళు ఒకటే అనుకొన్నా పెద్దమ్మా," అన్నాడు వాడు. కోపంగా కూడా అనలేదు. "కాగితంలో ఏమన్నా రాసుకోనీ, పెద్దమ్మ వస్తుంది, వచ్చి జరిగింది చెప్తుంది అని. మూణ్ణెల్లు ఎవురొచ్చినా తల ఎత్తి చూసేటోణ్ణి."

"నాకు తెలీలేదప్పా."

"నువ్వు వచ్చి అడిగుంటే తెలిసేది."

పక్కకు తప్పుకుని వెళ్ళిపోయాడు. ఆ చెయ్యితో లారీ స్టీరింగ్ తిప్పలేడు. బెంగళూరులో ఏదో షెడ్డుకు కాపలా ఉంటున్నాడని తర్వాత విన్నాను.

మూడు నాలుగేళ్ళ కిందట కదిరి బస్టాండులో వాడి భార్య కనిపించింది. బెంచీ మీద ఒక్కతే కూర్చుని ఉంది. నన్ను చూసి తన సంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఆ ఖాళీలో కూర్చున్నాను. నేనే ముందు నోరు తెరిచాను.

"ఆ పొద్దు నువ్వు గడపలో నిలబడి అడిగినప్పుడు, నేను మంచి రాయించినాననుకొనే చెప్పినా."

"తెలుసు పెద్దమ్మా. కోర్టులో నువ్వు చెప్పింది ఆయన ఇంటికొచ్చి చెప్పినాడు."

"తెలిసి గూడా మాట్లాడవు."

"మాట్లాడేదానికేముండాది. నువ్వు మంచిగానే చెప్పినావని బుద్ధికి తెలుసు. ఒక్క అక్షరం అబద్ధం లేదన్న మాట మాత్రం ఇంగా నా చెవిలో నుంచి పోలేదు."

బస్సు వచ్చింది. ఆమె సంచి భుజాన వేసుకుని, పోయొస్తానని కూడా అనకుండా ఎక్కింది. నేను ఎక్కాల్సింది కూడా ఆ బస్సే. తర్వాతది గంటన్నరకు గానీ లేదు. కూర్చునే ఉన్నాను.